ఆంగ్లేయభాషయందలి పొట్టిమాటలు: నానార్థవిచారము

ఆంగ్లేయభాష నేర్చు తెలుఁగు పిల్లవానికి దీర్ఘపదములే కష్టము గలిగించునని లోకమున నొక నమ్మకము గలదు. విచారింపఁగా నిది సరి గాదు. పొడవైన శాస్త్రపదమునకుఁ బ్రాయికముగా నొక్కటియే యర్థము. 'ఫోటోసింథసిస్' అను మాట యెక్కడఁ గనఁబడినను కిరణజన్యసంయోగక్రియయే. దాని నొకసారి కంఠస్థము చేసిన చాలును. వారి లిపిలో మూఁడేసి యక్షరములు మాత్రమే గల 'సెట్', 'రన్', 'గెట్', 'పుట్' అను మాట లట్టివి గావు. పుటపుటకు వేషము మార్చును. నిన్నటి పాఠమున నేర్చిన యర్థము నేఁటి పాఠమున నక్కఱకు రాదు. పిల్లవాఁడు తెలియని మాటకు నిఘంటువు చూచును. తెలిసిన దనుకొన్న మాటకుఁ జూడఁడు. కాఁబట్టి యతఁడు పొరపడునది సర్వదా పొట్టిమాటలయందే.

ఇట్టి మాటలకు బహ్వర్థము లెట్లు గలిగినవి? వాని నిర్ణయించుటకు మన శబ్దశాస్త్రమునఁ గల సాధనము లెవ్వి? బడులలో వానిని బోధింపవలసిన తీ రెట్టిది? అను మూఁడంశము లిందు విచారింపఁబడును.

పొట్టిమాటల విస్తారము

ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువు మొదటి భాగము 1884లో వెలువడి, గ్రంథము 1928లో సంపూర్ణమయ్యెను. 1989లో వచ్చిన ద్వితీయముద్రణమునం దెల్ల పదములకంటె నెక్కువ చోటాక్రమించినది 'సెట్' అను మూఁడక్షరముల మాట. తరువాతి సంస్కరణమున 'రన్' అను క్రియ యాఱువందలకుఁ బైగా నర్థభేదములతో దానిని మించినది. పఱుగెత్తుట యను నొక్క చేష్టనుండి నది పాఱుట, యంత్రము నడచుట, వ్యాపారము నడపుట, ఎన్నికలలో నిలువఁబడుట, రంగు కారుట, గడువు సాగుట మున్నగునవి యన్నియుఁ బుట్టినవి.

ఇది యాకస్మికము గాదు. 1945లో జార్జి కింగ్‌స్లీ జిఫ్ అను అమెరికాదేశపు విద్వాంసుఁడు, మాట యెంత తఱచుగాఁ బ్రయోగింపఁబడునో దాని యర్థములు నంతకంతకు హెచ్చునని లెక్క కట్టి చూపెను. అర్థముల సంఖ్య ప్రయోగసంఖ్యయొక్క వర్గమూలము ననుసరించునని యాతని మతము. అనఁగా నూఱురెట్లు తఱచుగా వాడఁబడు మాటకుఁ బదిరెట్ల యర్థము లుండునని తాత్పర్యము. పెద్దనోటు పెట్టెలో నుండును; చిల్లరనాణెము చేతులు మాఱుచునే యుండును. పొట్టిమాట భాషకుఁ జిల్లరనాణెము.

ఆంగ్లేయభాషయందు మఱియొక కారణము గూడఁ గలదు. ఆ భాష ప్రాచీనకాలమునఁ దనకుఁ గల విభక్తిప్రత్యయములను, క్రియాప్రత్యయములను జాలవఱకుఁ బోఁగొట్టుకొన్నది. అందుచేత నామమునకును ధాతువునకును రూపభేదము నశించి, యొకే మాట నామముగాను, క్రియగాను, విశేషణముగాను నిలిచినది. మనకుఁ బ్రత్యయము చెప్పునది వారికిఁ బదక్రమము చెప్పును.

సున్నమా, నిమ్మపండా?

మా పిడుగురాళ్ల సున్నపురాతికిని సున్నపుబట్టీలకును బ్రసిద్ధికెక్కిన యూరు. ఇచ్చటి పిల్లలు 'లైమ్' అను మాటను బాఠ్యపుస్తకముకంటె ముందు బస్తాలమీఁదను బలకలమీఁదను జదువుదురు. ఒకనాఁడు తరగతిలో 'లైమ్ జ్యూస్' అనుదానికిఁ దెలుఁగు వ్రాయుమనఁగా నొక బాలుఁడు 'సున్నపు నీళ్లు' అని వ్రాసెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. వాని తండ్రి బట్టీలో పని చేయువాఁడు. ఆ పిల్లవాఁడు తాను పుట్టిన దేశమును బట్టి యర్థనిర్ణయము చేసినాఁడు. సాధన మొప్పే, దాని ప్రక్కనున్న 'జ్యూస్' అను పదమును జూడకపోవుటయే తప్పు.

విచారింపఁగా 'లైమ్' అనునది యొక మాట గాదు, మూఁడు మాటలు. సున్నమను నర్థముగలది ప్రాచీనాంగ్లమునుండి వచ్చినది. దానికి మొదటి యర్థము జిగురుపదార్థము. నిమ్మజాతి ఫలమను నర్థముగలది ఫ్రెంచిభాష మీఁదుగా నరబ్బీనుండి వచ్చినది. ఐరోపాలోని యొక వృక్షమునకుఁ బేరైనది మూఁడవది. అది 'లిండ్' అను పూర్వరూపమునుండి మాఱినది. మూఁడు దారులవారు మూఁడు దిక్కులనుండి వచ్చి యొక సత్రమునఁ గూడినట్లు ఈ మూఁడు నొక్క రూపమునఁ గూడినవి.

బట్టీనుండి దింపిన సున్నమునకు 'క్విక్ లైమ్' అని పేరు. 'క్విక్' అనఁగా శీఘ్రమని నేర్చినవాఁడు దీనిని శీఘ్రసున్న మనును. కాని 'క్విక్' శబ్దమునకు మొదటి యర్థము సజీవమని. అది మన 'జీవ' శబ్దమునకు సగోత్రము. ప్రాణముగలది కదలును, కదలునది చుఱుకైనది, చుఱుకైనది శీఘ్రమైనది. ఇట్లర్థము జరుగఁగా, లోకమునఁ జివరి యర్థము నిలిచి మొదటి యర్థము మఱుగుపడినది. నీరు పోసినప్పుడు కుతకుతలాడి పొగలు గ్రక్కు సున్నమును జూచినవాఁ డది సజీవమనిన నాశ్చర్యపడఁడు. నీరు పోసి చల్లార్చినదానిని వారు దప్పి తీర్చిన సున్న మను నర్థము వచ్చునట్లు 'స్లేక్‌డ్ లైమ్' అందురు. జీవమున్నది గనుకనే దప్పి. రెండు మాటలను గలిపి బోధించిన నెన్నఁడును మఱపు రాదు.

శబ్దైక్యమా, శబ్దభేదమా?

'లైమ్' నందు రూప మొక్కటి, శబ్దములు వేఱు. 'క్విక్' నందు శబ్ద మొక్కటి, అర్థములు వేఱు. ఈ భేదము మన శాస్త్రకారు లెఱుఁగనిది గాదు. సరూపములైన పదములకు నేకశేషమును విధించు పాణినీయసూత్రముమీఁద భాష్యకారుఁడు అక్ష, పాద, మాష శబ్దములను జర్చించెను. అక్షము పాచిక, బండియిరుసు. పాదము కాలు, నాలవవంతు. మాషము మినుము, తూనికరాయి. అర్థము భేదించినచో శబ్దమును భేదించునా, లేక యొక్క శబ్దమే పెక్కర్థముల బోధించునా యని భర్తృహరి రెండు పక్షములను బ్రదర్శించెను. ఆంగ్లనిఘంటుకారులు వ్యుత్పత్తిని బట్టి పక్షములను బంచుకొందురు. మూలము వేఱైనచో వేఱు పదములుగాఁ బఠింతురు. మూలమొక్కటియైనచో సామాన్యముగా నొక పదము క్రింద నర్థములకు వరుసయంకెలు వేయుదురు.

తెలుఁగుననుఁ బోలికలు గలవు. మనకును 'కాలు' అనఁగాఁ బాదమును, నాలవవంతును, అక్కడ శబ్దమొక్కటియే. కాల్చఁబడుట యను నర్థమునఁ 'కాలు' అను క్రియ వేఱు శబ్దము. అంకెయగు 'ఏడు'నకును సంవత్సరమగు 'ఏఁడు'నకును, వాడిపోవుట యను నర్థముగల 'వాడు'నకును సర్వనామమగు 'వాఁడు'నకును నడుమ నరసున్న భేదమును దెలుపుచుండెడిది. నేఁటి ముద్రణమున నది లోపించుటచే నా మాటలు గూడ 'లైమ్' వంటివే యైనవి. ఆంగ్లేయుల వర్ణక్రమము మన యరసున్నవంటి పని యొకటి చేయుచున్నది. వ్రాయుట, సరియైనది, సంస్కారవిధి యను మూఁడర్థములుగల మూఁడు మాటలు చెవికి 'రైట్' అనియే వినఁబడినను, వారి లిపిలో మూఁడు తీరుల వ్రాయఁబడును. తెలుఁగు లిపిలో మాటలు వ్రాసికొని వల్లించు బాలున కీ సాయము దక్కదు.

మూలభేదమున కొక యందమైన యుదాహరణము 'లైట్'. వెలుఁగు నర్థముగలది సంస్కృతమందలి 'రుచ్' ధాతువునకు సగోత్రము. తేలిక యను నర్థముగలది 'లఘు' శబ్దమునకు సగోత్రము. ఒకటి రుచి, ఒకటి లఘిమ. సంస్కృతమునఁ బోలికయే లేని యీ రెండును ఆంగ్లమున నొక్క రూపముఁ దాల్చినవి. చిత్రమేమనఁగా రెండును దెలుఁగు వాడుకలోనికి వచ్చినవి. 'లైటు వేయుము' అనునప్పుడు మొదటిది. 'లైటుగా తీసికొనుము' అనునప్పుడు రెండవది. ఆంగ్లము చదువని పల్లెటూరి ముదుసలియు వీనియందుఁ బొరపడదు. ప్రక్కమాటను బట్టి యర్థము గ్రహించు శక్తి జనులకు సహజముగాఁ గలదనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

ముఖ్యార్థమునుండి రూఢి

మూలమొక్కటి యైనచోట నర్థము లెంత దూరమునకుఁ బోవునో 'ఫాస్ట్' అను మాట చూపును. ఇది గట్టిగా నిలిచినదనియుఁ జెప్పును. వేగముగాఁ బోవునదనియుఁ జెప్పును. ఉపవాస మనియుఁ జెప్పును. మొదటి రెండును బరస్పరవిరుద్ధములవలెఁ దోఁచును. ముఖ్యార్థము దృఢమని. రంగు వెలవకున్న నది దృఢము. పట్టు విడువక, సడలక పఱుగెత్తుట దృఢముగాఁ బఱుగెత్తుట. ఆ దృఢత్వమే క్రమముగా వేగమైనది. వ్రతమును దృఢముగాఁ బాటించుట యుపవాసము. మన 'ఉపవాస' శబ్దమునను నన్నము మానుట యను నర్థము ధాతువున లేదు. సమీపమున వసించుట మాత్రమే కలదు. రూఢి యోగమును మ్రింగుట రెండు భాషలయందును సమానము.

'ఫైన్' శబ్దము నిట్టిదే. శ్రేష్ఠమనియు, సన్ననిదనియు, అపరాధపుసొమ్మనియు దీని యర్థములు. మూలము లాటినుభాషలో 'అంతము' అను నర్థముగల పదము. పని తుదముట్టఁ జేయఁబడినది శ్రేష్ఠము, మెఱుఁగుపెట్టఁబడినది సన్నము, తగవును తుదముట్టించుటకుఁ జెల్లించునది యపరాధము. అంతమను నొక్క మేకునకు మూఁడును వ్రేలాడుచున్నవి. ముఖ్యార్థము తెలిసినవానికి మూఁడును జ్ఞప్తియందుండును. తెలియనివాఁడు మూఁడు మాఱులు వల్లింపవలెను.

'సెట్' క్రియ 'సిట్' క్రియకుఁ బ్రేరణరూపము. 'సిట్' మన 'సద్' ధాతువునకు సగోత్రము. కనుక 'సెట్' అనఁగాఁ గూర్చుండఁబెట్టుట. రత్నమును బొదుగుట, గడియారమును సరిదిద్దుట, బల్ల నమర్చుట, గడ్డకట్టుట యను నర్థము లన్నియు నందుండి వచ్చును. సూర్యుఁ డస్తమించుటయుఁ గూర్చుండుటయే. కాని వస్తుసముదాయమను నర్థముగల 'సెట్' చాలవఱకు లాటినుమూలమునుండి ఫ్రెంచి మీఁదుగా వచ్చి దీనిలోఁ గలసినది. కావున సముదాయార్థమును గూర్చుండుటనుండి లాగఁబూనరాదు. ప్రతి యర్థమును నొక్క మూలమునకుఁ గట్టఁజూచుట పండితుల కుచితమైన లోభమే గాని, లోభము లోభమే.

ఉపసర్గల లీల

ఆంగ్లమున బహ్వర్థములకుఁ బుట్టినిల్లు ధాతువు వెంట వచ్చు చిన్నమాటలు. 'గివ్' అనఁగా నిచ్చుట; 'గివ్ అప్' అనఁగా విడిచిపెట్టుట; 'గివ్ ఇన్' అనఁగా లొంగుట. 'పుట్' అనఁగా నుంచుట. 'పుట్ ఆఫ్' అనఁగా వాయిదా వేయుట. 'పుట్ అప్ విత్' అనఁగా సహించుట. ఇవి పిల్లలకుఁ బెనుభూతములు. సంస్కృతము చదివినవాని కివి పాతచుట్టములు. స్థాధాతువు ప్రస్థానమున బయలుదేఱుట, ఉత్థానమున లేచుట, అనుష్ఠానమున నాచరించుట, ప్రతిష్ఠయందు నిలుపుట యగుట మన మెఱుఁగనిదా?

పోలిక మాత్రమే కాదు, చుట్టఱికము గూడఁ గలదు. వారి 'అప్' మన 'ఉప'కును, 'ఆఫ్' మన 'అప'కును, 'అవుట్' మన 'ఉత్'నకును, 'ఓవర్' మన 'ఉపరి'కిని సగోత్రములు. ఉపసర్గ ధాతువునకు ముందుండవలయునని పాణిని నియమించి, వేదమునం దది ధాతువునకుఁ బరమందును, నడుమఁ బదాంతరవ్యవధానముతోను నుండవచ్చునని యనుమతించెను. ఆంగ్లేయభాష యీ విషయమున వేదమార్గమున నడచుచున్నది. వారి యుపసర్గ క్రియకుఁ బిమ్మట వచ్చును. 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అనుచోఁ గర్మపదము నడుమఁ జొచ్చును. ఇంత చెప్పిన వెంటనే వ్యాకరణవిద్యార్థి ముఖము వికసించును.

ఉపసర్గలకు స్వతంత్రార్థము లేదని శాకటాయనుఁడును, కలదని గార్గ్యుఁడును దలంచినట్లు యాస్కుఁడు నిరుక్తమునఁ జెప్పెను. ఆంగ్లమున రెండు మతములకును దావు గలదు. 'గెట్ అప్' అనుచో 'అప్' పైకి లేచుటను స్పష్టముగాఁ జెప్పును, గార్గ్యుఁడు గెలుచును. 'గివ్ అప్' అనుచో 'అప్' విడిగా నేమియుఁ జెప్పదు, సముదాయమే యర్థమును జెప్పును, శాకటాయనుఁడు గెలుచును. కావున నట్టి జంటను విడఁదీయక యొక్క ధాతువుగాఁ బఠింపవలెను.

దీని నెఱుఁగక నేను జెడితిని. నా యౌవనమున నొక కార్యాలయమునకు నుద్యోగము కొఱకు విన్నపము పంపితిని. 'మీ విన్నపము స్టాండ్స్ ఓవర్' అని యాంగ్లమున నుత్తరము వచ్చినది. 'ఓవర్' అనఁగా ముగిసినదని నేను నేర్చియుంటిని. విన్నపము ముగిసినదనుకొని యుత్తరము మడిచి పెట్టెలో దాఁచితిని. రెండుమాసముల పిమ్మట నొక మిత్రుఁడు చదివి, ఇది వాయిదాపడినదని మాత్రమే చెప్పుచున్నదనియు, మరుసటి సమావేశమునకు నేను బోవలసియుండెననియుఁ దెలిపెను. అప్పటి కా స్థానము నిండినది. కార్యాలయమువారి దోషమేమియు లేదు. స్థాధాతువున కుపసర్గయోగమున నర్థభేదములను గుక్కతిప్పక వల్లింపఁగల నాకు, ఆ న్యాయమే పరభాషలోని 'స్టాండ్' క్రియకుఁ బట్టునని తోఁచలేదు. ఆ క్రియ స్థాధాతువునకుఁ దోఁబుట్టువని తరువాతఁ దెలిసికొంటిని.

తెలుఁగున 'పెట్టు'

ఈ గుణము పరభాషకే గలదని నిందించుట తగదు. 'పెట్టు' అను మన క్రియను జూడుఁడు. అన్నము పెట్టుట వడ్డించుట. బొట్టు పెట్టుట దిద్దుట. కోడి గ్రుడ్డు పెట్టుట కనుట. పేరు పెట్టుట నామకరణము. ఒట్టు పెట్టుట శపథము చేయించుట. నిప్పు పెట్టుట దహించుట. సొమ్ము పెట్టుట వినియోగించుట. సంతకము పెట్టుట వ్రాయుట. క్రియాంతరమునకుఁ దోడై వచ్చి పరార్థమును దెలుపును. 'వండిపెట్టెను' అనఁగా నొరులకొఱకు వండెను. 'వండుకొనెను' అనఁగాఁ దనకొఱకు వండెను. క్రియాఫలము కర్తకుఁ జెందునప్పు డాత్మనేపదమును, లేనప్పుడు పరస్మైపదమును బాణిని విధించిన ధాతువుల తీరిది. తెలుఁగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిసు దొర నిరూపించెను. ఐనను వేఱుదారిని బోయి యదే ప్రయోజనమును సాధించినది.

'పెట్టు' నేర్వఁబోయిన ఆంగ్లేయునికి 'సెట్' నేర్చు మన పిల్లవాని కష్టమే కలుగును. 1852లోఁ దెలుఁగు-ఆంగ్లనిఘంటువును వెలువరించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఇది గుర్తించెను. అతఁడు విడిమాటకు విడియర్థము వ్రాసి యూరకుండక, జనుల నోటనున్న పలుకుబడులను వాక్యములతోఁ గూడ నుదాహరించెను. నూటడెబ్బదియేండ్లు గడచినను ఆ గ్రంథ ముపయోగపడుచుండుట కిది యొక ప్రధానకారణము.

అర్థనిర్ణయసాధనములు

అనేకార్థకశబ్దమున కర్థము సందిగ్ధమైనప్పుడు నిర్ణయించు సాధనములను భర్తృహరి వాక్యపదీయద్వితీయకాండమునఁ బరిగణించెను. సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రయోజనము, ప్రకరణము, లింగము, శబ్దాంతరసన్నిధి, సామర్థ్యము, ఔచిత్యము, దేశము, కాలము, స్వరము మున్నగునవి యవి. ఇందుఁ గొన్నింటిని ఆంగ్లపదములకుఁ బట్టించి చూతము.

శబ్దాంతరసన్నిధి: 'జ్యూస్' ప్రక్కనున్న 'లైమ్' నిమ్మ, 'స్టోన్' ప్రక్కనున్నది సున్నము. విరోధము: 'హెవీ' అనుదానికిఁ బ్రతిగా వచ్చిన 'లైట్' తేలిక, 'డార్క్' అనుదానికిఁ బ్రతిగా వచ్చినది వెలుఁగు. ప్రకరణము: భోజనవేళ 'సైంధవము' ఉప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును దెలిపినట్లు, న్యాయస్థానమున 'ఫైన్' అపరాధపుసొమ్ము, కుశలప్రశ్నయందు క్షేమము. దేశము: పిడుగురాళ్ల బట్టీలవద్ద 'లైమ్' అనిన సున్నమే. స్వరము: 'రికార్డ్' అను మాటను మొదటి యక్షరమున నొక్కి పలికిన నామము, రెండవదానియందు నొక్కిన క్రియ. ఇంద్రశత్రుశబ్దమున స్వరము తప్పి వృత్రుఁడు చెడిన కథ వినినవారి కిది వింత గాదు. ఆంగ్లమున లింగభేద మల్పమగుటచే వచనము కొంత పని చేయును: 'గూడ్' మంచి, 'గూడ్స్' సరకులు, 'ఆర్మ్' బాహువు, 'ఆర్మ్స్' ఆయుధములు.

బోధనావిధానము

మన బడులలో 'మాట, అర్థము' అని రెండు గళ్లు గీచి, ఆంగ్లపదమున కెదురుగా నొక్క తెలుఁగు మాటను వ్రాయించి వల్లింపఁజేయుదురు. దీర్ఘపదముల కది కొంత మేలు, పొట్టిమాటలకుఁ గీడు. ఒక్క యర్థమును దృఢముగా నేర్చిన బాలుఁడు రెండవ యర్థము వచ్చినప్పుడు సందేహింపనైన సందేహింపఁడు. సందేహము లేని యజ్ఞానము సందేహముగల యజ్ఞానముకంటెఁ జెడ్డది.

కావున నా మనవి యిది. పొట్టిమాటను విడిగాఁ గాక వాక్యముతోఁ జెప్పవలెను. మూలమొక్కటియైనచో ముఖ్యార్థమును మొదటఁ జెప్పి తక్కినవాని నందుండి క్రమముగాఁ దీయవలెను. మూలములు వేఱైనచో వేఱు మాటలని స్పష్టపఱుపవలెను. క్రియతోఁ గూడిన చిన్నమాటను విడఁదీయరాదు. తెలుఁగున నిదివఱకే వాడుకలోనున్న 'లైటు', 'సెట్టు', 'కట్టు' మున్నగువానినుండి మొదలుపెట్టి, పిల్లవాఁ డెఱిఁగినదానితో నెఱుఁగనిదానిని ముడివేయవలెను. మూఁడు గళ్ల పట్టిక వేసి మూఁడవ గడిలో ప్రక్కమాటను వ్రాయించినను జాలవఱకు మేలు గలుగును.

ఇది యాంగ్లోపాధ్యాయుల పనియని తెలుఁగుపండితు లూరకుండరాదు. ఉపసర్గలను, ఏకశేషమును, లక్షణను, ప్రకరణమును జదివినవారు మనమే. ఆ విద్యను శ్లోకములకు మాత్రమే కట్టిపెట్టి, పిల్లలు దినదినము తడఁబడుచోట వినియోగింపకున్న నది మన లోపము. 'సున్నపు నీళ్లు' వ్రాసిన బాలునికి మఱునాఁడు నేను మూఁడు 'లైమ్'ల కథ చెప్పితిని. వాఁడు కొంతసేపాలోచించి, "అయ్యవారూ, క్విక్ లైమ్ ప్రాణమున్న సున్నమైతే, మా నాయన రోజూ ప్రాణముతో పని చేస్తున్నాడన్నమాట" అనెను. ఆనాఁటినుండి యా మాట వాని కే యర్థమునను దప్పలేదు.